తెర దిగేదాకా

బిగుతు రవికలాంటి బాడీసు చంకల్లో సారా చిలకరించి, చెమట వాసన పోయేదాకా విదిలించి, మిర్టిల్ దాన్ని కిటికీ వెలుగుకు పట్టి చూసింది. మెల్‌బోర్న్‌లో శనివారం మధ్యాహ్నపు ఆట. అరవై రెండేళ్ల మనిషి. వేళ్ల కొసలు సూదిపోట్లకు మొద్దుబారాయి. ఇరవై ఆరేళ్లుగా ఆ బాలే నాట్య కంపెనీ బట్టలన్నీ ఆమె చేతుల మీదుగానే వేదికెక్కాయి.

కంపెనీ పెట్టి నడిపిన బ్రోదిన్ ఆసుపత్రిలో ఉన్నాడు. పెద్దాయన అంటారందరూ.

"ఆట మధ్యలో తుమ్మానని నన్ను వానలో నిలబెట్టాడు," అన్నాడు వెనక గేటు కాపలా క్లారీ, టీ జుర్రుతూ. "మర్నాడు తనే దగ్గుమందు తెచ్చాడు."

"నీ ముక్కు చూసి జడుసుకునుంటాడు," అంది మిర్టిల్.

మిర్టిల్ దగ్గర అంత ముచ్చటైన జ్ఞాపకం లేదు. పంతొమ్మిదేళ్ల కిందట ఆమె భర్త పోయాడని ఆట నడుస్తుండగా టెలిగ్రాం వస్తే, తెర దిగేదాకా పెద్దాయన దాన్ని జేబులోనే ఉంచుకున్నాడు. ఆ రెండు గంటలూ ఆమె జోకులేస్తూ పూసలు కుట్టింది. ఆ తర్వాత ఆయనతో పనిమాట తప్ప మాట్లాడలేదు.

నాయిక వేషం కట్టే నెరిడా వచ్చి చేతులెత్తి నిలబడింది. తండ్రిలేని పిల్లను పదిహేనో ఏట పెద్దాయనే చేరదీశాడు.

"ఆసుపత్రి నుంచి కబురొస్తే, ఆట మధ్యలోనైనా చెప్తావుగా?"

"చెప్తానమ్మడూ. చెప్పకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు."

చివరి అంకానికి ముందు ఫోను మోగింది. క్లారీ టోపీ తీసి వచ్చాడు.

"పోయాడే, మిర్టిల్. పావుగంటయిందంట."

మిర్టిల్ నెరిడా గదిదాకా చెప్పాలనే నడిచింది. ఆ పిల్ల నెత్తురు కారే బొటనవేలికి గుడ్డ చుట్టుకుంటోంది.

"ఇవాళ కాళ్లు నా మాట వింటున్నాయి. ఆయన చూసుంటే బావుండేది. కబురేమన్నా వచ్చిందా?"

"రాలేదు. ఊపిరి బిగబట్టు."

కొక్కేలు పెట్టి, ఊడకుండా వీపున బట్టను దారంతో కుట్టేసింది. సూది దిగిన వేలు నోట్లో పెట్టుకుంది, తెల్లబట్టకు నెత్తురంటకుండా.

తెర దిగాక చెప్పింది.

"ఎప్పుడు?"

"చివరి అంకానికి ముందు."

"నువ్వు కుడుతున్నప్పుడా?"

"అప్పటికే."

కుట్లు విప్పబోతే నెరిడా ఆ చేతిని తోసేసింది. తనంతట విప్పుకోలేక, వేషం మీదే కోటు తొడుక్కుని కారెక్కింది.

పంతొమ్మిదేళ్లు, అనుకుంది మిర్టిల్. ఈ పిల్ల ఎన్నేళ్లు మాట్లాడకుండా ఉంటుందో.

కత్తెర పట్టుకుని గేటుదాకా వెళ్లింది. కారు లేదు. గోడవార పెద్దాయన మంగళవారం ఆసుపత్రికి పోతూ వదిలిన, బూట్ల మీది రబ్బరు తొడుగుజోళ్లు, ఎండిన బురదతో, కుడి మడమ అరిగి, వీధివైపు తిరిగి ఉన్నాయి.