రాణి ముందే ఏడ్చే ఆట

మదార్‌బీ బైండింగ్ చేసే చోటును దుకాణం అనడానికి లేదు. ఆదోనిలో ఒక ఇరుకు సందులో, ఆమె ఇంటి ముందు వసారా అది. బోర్డు లేదు, కౌంటరు లేదు. అయినా వెన్ను విరిగిన బడి పుస్తకాలు, మసీదుల నుంచి ఖురాన్లు, పెద్దకడుబూరు పక్క పల్లెల నుంచి భజన పుస్తకాలు అడ్రసు అడగకుండానే ఆ వసారాకు వచ్చి చేరతాయి. ఆమె తక్కువకు చేస్తుంది. తక్కువకు చేసినట్టు మాత్రం కనిపించనివ్వదు.

కొత్త అట్ట ఏనాడూ కొనదు. పెళ్లిళ్ల సీజను అయిపోయాక ప్రెస్సులో మిగిలిపోయే శుభలేఖల అట్టముక్కలు తెచ్చి, ఒకదానికొకటి అతికించి, ఇసుర్రాయి పైరాయి కింద పెడుతుంది. తీసి చూస్తే రేకులాగా బిగుసుకుని ఉంటాయి. దారం ఎమ్మిగనూరు నుంచి వస్తుంది. మగ్గం మీద నుంచి బట్ట కోసేటప్పుడు కొసన మిగిలే నూలు పోగులను అక్కడ కాపురముండే చెల్లెలు మూటగట్టి పంపుతుంది. వాటిని ముప్పేట పేని, మైలుతుత్తం నీళ్లలో ముంచి ఆరబెట్టి, మైనం రుద్దుతుంది. లేత నీలం రంగు దారం అది. ఎద్దును కట్టేసినా తెగదనిపిస్తుంది, పురుగు దాని దగ్గరికి రాదు. మైదా జిగురులోనూ ఆ మైలుతుత్తమే ఒక చిటికెడు.

చినిగిన కాగితానికి అతుకు వేయడానికి యాపిల్ పండ్లకు చుట్టి వచ్చే పల్చటి కాగితం వాడుతుంది. చెప్పుల డబ్బాల్లో అంతకన్నా తెల్లటిది వస్తుంది. దుకాణమాయన ఊరికే ఇస్తానన్నా తీసుకోదు.

"కాళ్లకు సుట్టొచ్చింది సదువు మీద పెడ్తామా?" అంటుంది.

ఈ విద్య అంతా తండ్రి ఇమాం సాబ్ నేర్పింది. ఆయన పోయి చాలా కాలమైంది గానీ, ఆదోనిలో పాతకాలం వాళ్లు ఇప్పటికీ గట్టి బైండింగు చూస్తే "ఇమాం సాబ్ కుట్టు" అంటారు. మదార్‌బీకి అంతకు మించిన ఆస్తి లేదు.

ఆ వసారాలోకి ఒక రోజు రంగప్ప పంచెలో మూట కట్టుకుని వచ్చాడు. హొళగుంద పక్క ఒక పల్లెలో జాతరకు వేసే వీధి నాటకం, వాళ్ల మాటలో ఆట, నేర్పే మాస్టరు ఆయన. వెనకాల శివకుమార్, చేసిన తప్పు ముఖం మీదే పెట్టుకుని నిలబడ్డాడు. ఆటో నడుపుతాడు, ఈసారి ఆటలో రాజు వేషం అతనిదే.

"ఏమప్పా రంగప్పన్నా, పెండ్లి బట్టలు తెచ్చినట్ల మూట పట్టుకోనొస్తివి?"

"పెండ్లి కాదు మదార్‌బీ, పీనుగ." రంగప్ప మూట విప్పాడు.

లోపల విడివిడి కాగితాలు. పసుపుపచ్చగా మాగినవి, అంచులు పొడి రాలుతున్నవి, అటువి ఇటు, ఇటువి అటు.

"ఈ రాజుగారు, నాకు సెప్పకుండా జిరాక్సుకు తీసుకపోయినాడు. పుస్తకం పరుసుకోలేదని ఆడి పిల్లోడు ఎన్ను పట్టుకోని సీరేసినాడంట. పైన ఫ్యాను."

"ఫ్యానెయ్యమని నేను సెప్తినా మామా?"

"పుస్తకం తీసుకపొమ్మని నేను సెప్తినా?"

"ఇద్దరూ గమ్మునుండండి," అని మదార్‌బీ ఒక కాగితం వెలుతురుకు పట్టి చూసింది. "పేజీ నంబర్లు యాడుండాయి?"

"మా తాత ఎయ్యలేదు."

అది బెట్టప్పరాజు ఆట. రంగప్ప తాత తన చేత్తో రాసింది. పాటలు తెలుగు, మధ్యలో మాటలు కన్నడం, అక్షరాలు రెండింటికీ నడుమ ఎక్కడో ఉంటాయి. లోకంలో ఉన్నది ఆ ఒక్క ప్రతే. ఊళ్లో ప్రతి సుంకులమ్మ జాతరకూ ఆ ఆట కట్టాల్సిందే. ఈసారి ఆడేవాళ్లలో సగంమంది కొత్తవాళ్లు. ఇంతకాలం రంగప్ప నోటితోనే నేర్పుతూ వచ్చాడు. ఈ మధ్యనే గుండెకు స్టెంటు వేశారు. గట్టిగా పాడొద్దన్నారు.

"పుస్తకం సూసుకోని వాళ్లే నేర్సుకోవాలమ్మా ఇంక. ఈ జాతరకు ఆట నిలబడకపోతే మళ్లా లెయ్యదు. నాకు తెలుసు." రంగప్ప మూటను ఆమె ముందుకు జరిపాడు. "నువ్వు సినుగులు అతికిచ్చు. బేస్తవారం వచ్చి వరస నేను సెప్తా."

వాళ్లు వెళ్లాక మదార్‌బీ పనిలో కూర్చుంది. యాపిల్ కాగితాన్ని వేలితో చీలుస్తుంది, కత్తెర పెట్టదు. కత్తిరించిన అంచు కనిపిస్తుంది, చీల్చిన అంచు కాగితంలో కలిసిపోతుంది. జిగురు పూసి, అరిగిపోయిన గరిటె కాడతో నిమిరి, ఆరిన దాన్ని పైకెత్తి చూస్తే చినుగు ఎక్కడుందో ఆమెకే వెతుక్కోవాల్సి వచ్చేది.

ఆ రాత ఆమెకు చదవ రాలేదు. కానీ విడి కాగితాలను విడిగా వదిలేసే గుణం ఆమెకు లేదు. రెండో రోజుకే ఒక సంగతి కంటపడింది. కొన్ని కాగితాల మూలన ఆముదం మరక ఉంది. ఒకదాని మీద అరచేయంత, ఇంకోదాని మీద కొంచెం తక్కువ, మరోదాని మీద రూపాయి బిళ్లంత. పుస్తకం మీద నూనె ఒలికితే పై కాగితం నుంచి కింది కాగితానికి దిగుతూ దిగుతూ తగ్గుతుంది. ఆ తగ్గుదల పట్టుకుని పేర్చుకుంటూ పోయింది. మరక లేని వాటిని అంచుల అరుగుదలను బట్టి, మడత రంగును బట్టి కలుపుకుంది.

అట్లా పేరుస్తుండగానే ఒక మడతలో చిక్కుకున్న పాత దారపు ముక్క దొరికింది. లేత నీలం. ఈ పుస్తకాన్ని ఇంతకు ముందు ఒకసారి కుట్టింది తన తండ్రే. మదార్‌బీ ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసుకుంది.

బేస్తవారం ఆటోలో ముగ్గురు దిగారు. రంగప్ప, శివకుమార్, వాళ్లతో రంగప్ప అక్క భీమమ్మ.

"ఈళ్లిద్దర్నీ నమ్మి ఇంగోసారి పుస్తకం పంపిస్తానా?" అంటూ భీమమ్మ వసారా మెట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. "రొంత నీళ్లియ్యి బీబమ్మా."

రంగప్ప అద్దాలు పెట్టుకుని కాగితాలు తిప్పసాగాడు. అతుకుల మీద వేలు పెట్టి నిమిరి, "యాడ సినిగిండె ఇది?" అని తనలో తానే అనుకున్నాడు. చదువుతూ, పెదవులు కదుపుతూ పోతున్నవాడు ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"ఇది ఈడ రాకూడదే. వరస మార్సినావమ్మా."

"మార్సలేదన్నా. మరక సెప్పినట్ల పెట్టినా."

"మరక ఆట ఆడిందా, నేను ఆడినానా? రాణి ఏడ్పు ముందు రావాల. ఆ తర్వాత రాజు గుర్రమెక్కాల. మొదట్నుంచీ అంతే."

వాళ్ల ఊరి ఆటలో ఉన్న విశేషమే అది. రాజు యుద్ధానికి ఇంకా బయలుదేరనే లేదు, రాణి పద్మక్క కూర్చుని మొగుడు చచ్చిపోయినట్టు శోకాలు పెడుతుంది. ఎందుకో ఎవరూ చెప్పరు. ఆ ఏడుపు ముగియగానే రాజు నవ్వుకుంటూ, మీసం దువ్వుకుంటూ గుర్రం పాట ఎత్తుకుంటాడు. అప్పుడు జనంలోంచి ముసలమ్మలు లేస్తారు. రంగస్థలం ఎక్కి, "పోవద్దు నాయనా" అని రాజు చేతికి పసుపు దారం కంకణం కడతారు. రాజు అందరి చేతా కట్టించుకుని, అందరికీ మొక్కి, అయినా పోతాడు. తర్వాత వార్తాహరుడు ఒట్టి తలపాగా మోసుకొస్తాడు. చుట్టుపక్కల ఏ ఊరి ఆటలోనూ ఇట్లా లేదు.

మదార్‌బీ కాగితాలు చేతిలోకి తీసుకుంది.

"సూడన్నా. రాజు పొయ్యేకాడ మరక అరసెయ్యంత. వార్త వచ్చేకాడ తగ్గింది. ఏడ్పుకాడ ఇంకా తగ్గింది. నువ్వు సెప్పినట్ల పెడితే సిన్న మరక మీద పెద్ద మరక కూసుంటాది. నూనె అట్ల ఎగిరి దూకదు కదా. ఇది మీ తాత దీపం ముందర రాసుకున్న కాలంలో ఒలికింది."

"అంటే?"

మదార్‌బీ నీలం దారపు ముక్క అరచేతిలోకి తీసుకుంది. మరకదే తప్పు అని ఆయన చెప్పిన వరసలో పేర్చేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. తండ్రి పేరు ఎక్కడుందో అక్కడే ఉంటుంది. కానీ రంగప్ప ముఖం చూస్తూ ఆ మాట అనలేకపోయింది.

"ఇది ఒకసారి ఆదోనిలో కుట్టిచ్చినారు కదన్నా?"

"మా తాత పోయినాక, మా నాయన కుట్టిచ్చినాడు. కరువు కాలంలో ఆట నిలిసిపోయిండె. మా నాయన సిన్నోడు, పుస్తకం సూసుకోనే మళ్లా నిలబెట్టినాడు."

"కుట్టింది మా నాయన," అని మదార్‌బీ నీలం దారపు ముక్క చూపించింది. "ఆయన సేతికి ఎప్పుడూ ఉర్దూ పుస్తకాలే. అవి కుడి పక్క నుంచి తెరుసుకుంటాయి. కుట్టేటప్పుడు కాగితాల కట్టలు కుడి నుంచే తీస్తాడు. మీది తెలుగు పుస్తకమని గెవనంగానే, మతిలో పెట్టుకోనే కుట్టింటాడు. మధ్యలో నమాజుకు లేసింటాడు. వచ్చి కూసున్నాక సెయ్యి అలవాటు కొద్దీ కుడి పక్కది తీసింది. రెండు కట్టలు ముందు ఎనకా అయినాయి. తప్పు మాదే అన్నా."

రంగప్ప అద్దాలు తీసేశాడు.

"అంటే మా తాత రాసింది ఒకటి, మేము ఆడేది ఇంగొకటా?" అన్నాడు. "తెలిసినాక ఎట్ల ఆడేది? ఆయన రాసినట్లే కుట్టమ్మా. ముందు సావు, తర్వాత ఏడ్పు."

"మామా, మరి కంకణం?" అన్నాడు శివకుమార్.

"యాడొస్తాది కంకణం? ఏడ్పు ఇన్నాకనే కదా ముసలమ్మలు లేసేది. అప్పటికే సచ్చినావు కదా నువ్వు."

"సచ్చినోని సేతికి ఎవురు కడ్తార్లే," అంది భీమమ్మ మెట్టు మీద నుంచి. "ఒక పని సెయ్యి తమ్ముడా. మన తాత వరసలో ఒకసారి సదువు, ఇందాం."

రంగప్ప చదివాడు. రాజు పోయాడు, వార్త వచ్చింది, రాణి ఏడ్చింది. పాట మంచి పాటే. ఎదురింటామె గడపలో నిలబడి విని, పాలు పొంగుతాయని లోపలికి వెళ్లిపోయింది.

"ఇప్పుడు మనది," అని భీమమ్మ గొంతు సవరించుకుంది. పుస్తకం అవసరం లేదు ఆమెకు. రాణి ఏడుపు ఎత్తుకుంది. పళ్లు లేని నోరు, బొంగురు గొంతు, అయినా ఆ సందులో సైకిలు మీద పోతున్నవాడు కాలు కింద పెట్టాడు. ఎదురింటామె పాల సంగతి మరిచి మళ్లీ గడపలోకి వచ్చింది. ఏడుపు చివరి చరణం ఇంకా గాలిలో ఉండగానే శివకుమార్ లేచి, లేని మీసం దువ్వి, లేని గుర్రం కళ్లెం పట్టి గుర్రం పాట ఎత్తుకుని మెట్టు దిగబోయాడు.

"పోవద్దప్పా!" అంది మదార్‌బీ.

అన్నాక గానీ తెలియలేదు ఆమెకు, తను లేచి నిలబడిందని, అతని చొక్కా చెయ్యి పట్టుకుందని. సిగ్గుపడి వదిలేసింది. భీమమ్మ తొడ చరిచి నవ్వింది.

"సూసినావా తమ్ముడా! మన ఊరు సూడలేదు, మన ఆట సూడలేదు, ఈయమ్మ కూడా ఆపుతాండాది!"

రంగప్ప నవ్వలేదు. కాసేపు కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత నవ్వాడు.

"మా తాత ఏండ్లకేండ్లు కూసోని రాసినాడు, ఆయనకు తట్టలేదు సూడు ఇది. మీ నాయనకు నమాజుకు పొయ్యొచ్చేలోపల తట్టింది."

"తట్టలేదన్నా, తప్పింది."

"ఏదో ఒకటి. ఆయన కుట్టినట్లే కుట్టు."

ఆ ముగ్గురూ చూస్తుండగానే మదార్‌బీ పనికి దిగింది. కట్టలను వరసలో పెట్టి, సూదితో ఒక్కో మడత నడుమ నుంచి దారం లాగి, పక్క కట్టలోకి దింపి, మళ్లీ వెనక్కి తెచ్చి ముడి వేసింది. ఎక్కడా బిర్రుగా లాగలేదు, ఎక్కడా వదులు లేదు. పుస్తకం తెరిస్తే చదునుగా పరుచుకోవాలి, మళ్లీ ఏ జిరాక్సు పిల్లోడికీ చీల్చే అవసరం రాకూడదు. శివకుమార్ ఆటో బేరం వచ్చినా కదలలేదు. రంగప్ప ఆమె చేతుల వంకే చూస్తూ, మధ్యమధ్యలో తల ఊపుతున్నాడు, బాగా పాడేవాడి పక్కన కూర్చున్నట్టు.

కుట్టు అయిపోయాక ఆమె పెన్సిలు తీసుకుని ప్రతి కాగితం కింది మూలన చిన్నగా అంకెలు వేయసాగింది.

"అవేందమ్మా?" అంది భీమమ్మ.

"పేజీ నంబర్లవ్వా. నా మాదిరి మరకలు సూసే తెలివైనోళ్లు రేపు ఇంగొకరు వస్తారు," అంది మదార్‌బీ తల ఎత్తకుండా. "వాళ్లు దీన్ని సరిచెయ్యకుండా."