మెడలో వడ్లగింజ

ఉమామహేశ్వరమ్మను చంపింది గుండెజబ్బు కాదు, బాలమ్మ. ఆళ్లగడ్డలో ఎవరడిగినా గురుస్వామి చెప్పే మాట అదే. బాలమ్మ అతని సొంత అక్క. పెళ్లాం ఉమామహేశ్వరమ్మ పోయినప్పటి నుంచి, మూడేళ్లుగా, అతను అక్క గడప తొక్కలేదు.

ఉమామహేశ్వరమ్మ పోవడానికి నాలుగు నెలల ముందు నంద్యాలలో గుండె డాక్టరు ఇంద్రజ ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పింది. "మెడలో రెండు పక్కలా వడ్లగింజంత ముక్కలుంటాయి. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే కనిపెట్టి మెదడుకు చెప్పేది అవే. గుండె నీరసపడితే అవి ఊరికే గోల పెడతాయి. ఈ ఆయాసం, ఈ దడ అందుకే ఎక్కువవుతాయి. వాటిని కోసి తీసేసే ఆపరేషన్ పెద్ద ఊళ్లో పరీక్షగా చేస్తున్నారు. నయమవుతుందని మాట ఇవ్వలేను. మందులు మాత్రం ఇక పనిచేయడం లేదు."

ఉమామహేశ్వరమ్మ సరేనంది. పడుకుంటే ఊపిరాడక ఏడాదిగా గోడకు ఆనుకొని కూర్చునే నిద్రపోతున్న మనిషి. చిక్కల్లా తాళి దగ్గర వచ్చింది. కోసేది మెడ కాబట్టి దారప్పోగు కూడా ఉండకూడదన్నారు.

"తాళి తీస్తే పసుపుకొమ్మన్నా కట్టాల గదమ్మా," అంది బాలమ్మ.

"చేతికి కట్టుకోనివ్వండి."

"మెడలో ఉండాల్సింది చేతికా? నీకేం తల్లీ, కోటేసుకుంటే నీ మెడ ఎవురికీ కనపడదు. నేను పదేండ్లుగా బోసిమెడతో తిరుగుతాండా. తమ్ముడు బతికుండంగా దీనికి ఆ గతి పట్టనియ్యను."

ఉమామహేశ్వరమ్మ మొగుడి వైపు చూసింది. గురుస్వామి తలుపు వైపు చూశాడు. ఆపరేషన్ మాట అక్కడితో పోయింది. ఆమె ఆ గోడకు ఆనుకొనే కన్నుమూసింది.

ఈ ఏడు బాలమ్మకే ఆయాసం పట్టుకుంది. నాలుగడుగులకే కూలబడుతోందని, నంద్యాల తీసుకుపోయే దిక్కు లేదని పక్కింటి విజయమ్మ వచ్చి చెప్పింది. గురుస్వామి తీసుకుపోయాడు. బస్సులో అక్కను ముందు సీట్లో కూర్చోబెట్టి, తను వెనక సీటుకు పోయాడు.

డాక్టరు మళ్లీ ఆ గింజల సంగతే చెప్పింది. తీసినవాళ్లలో కొందరికి ఆయాసం తగ్గిందట, కొందరికి తగ్గలేదట. నిద్రలో ఆక్సిజన్ పడిపోయినా ఒంటికి తెలియని ముప్పు కూడా ఉందట. "మెడలో ఏమీ..." అనబోయి, బాలమ్మ మెడ చూసి ఆగిపోయింది.

బాలమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "చెప్పు నాయనా. నువ్వు వద్దంటే వద్దు. నీ దగ్గర అడిగే మొగం నాకు ల్యా."

గురుస్వామికి కోపం తగ్గలేదు. కానీ ఆ చూపు అతనికి తెలుసు. ఆ పొద్దు తాళి తియ్యమని చెప్పాల్సింది డాక్టరు కాదు, అక్కా కాదు. కట్టినోడు.

"చేయించుకో," అన్నాడు. "సంతకం నేను పెడతా. ఆపరేషన్ కాడ కూడా నేనే ఉంటా."

బయట బెంచీ మీద బాలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆ పొద్దు నేనే గదరా దాన్ని..."

"నువ్వు కాదు."

"మరెవురు?"

"ఆటో వచ్చింది, లెయ్."

"చెప్పురా."

"చెప్పినా గదా, నువ్వు కాదని. ఇంక సచ్చేదాకా నువ్వు చంపినావనే మాట నా నోట రాదు. నువ్వూ ఎత్తొద్దు."