మౌలాబీ అడిగేసిన మాట

మళ్లీ వెనకాలే వస్తోంది, ఈ మౌలాబీకి వేరే పనే లేదా, నీళ్లకు వెళ్తే బిందె పట్టుకుని తయారు, స్నానానికి వెళ్తే బయట నిలబడి దగ్గుతుంది, ఇప్పుడు మిరప కల్లానికీ వచ్చి, ముచ్చికలు తీసే ఆడవాళ్ల మధ్య అంత చోటుండగా నస్రత్ మోకాలికి మోకాలు ఆనించే కూర్చుంది, పెళ్లయిన నాటినుంచీ ఉతికిన బట్టల మడతకు కూడా వంకలు పెట్టిన ఆడబిడ్డ, వదినను ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజే వినుకొండలో తన కాపురం వదిలి వచ్చి, ఇంట్లో పురుగుమందు డబ్బాలన్నీ ఎక్కడో పెట్టి తాళం వేసింది, నస్రత్ మొగుడు సలీం అయినా సరే చెల్లెల్ని అడిగి తాళంచెవి తీసుకోవాల్సిందే.

ఎందుకు చేశావని అందరూ అడిగారు, నేనేమన్నా అన్నానా నస్రతూ అని సలీం ఏడ్చాడు, ఏమీ అనలేదు, అదే కష్టం, చూపించడానికి కారణం లేదు, చంటిది పుట్టాక నిద్ర కరువైంది, పిల్ల ఏడుస్తుంటే పక్కింట్లో ఎవరో ఏడుస్తున్నట్టుండేది, తను లేకపోతే వీళ్లకే హాయి అనిపించేది, కొందరు బాలింతలకు వచ్చే జబ్బేనమ్మా, తగ్గుతుంది, మాత్రలు మానొద్దు అంది గుంటూరు డాక్టరమ్మ, అత్త మాత్రం ఆ ఊసెత్తకండి, గుర్తుచేస్తే మళ్లీ బుద్ధి పుడుతుందని అందరి నోళ్లూ మూయించింది, ఇక ఇంట్లో అందరూ నస్రత్ ముందు ఊరికే నవ్వడమే.

ఘాటుకు తుమ్మొచ్చి నస్రత్ కొంగు అడ్డం పెట్టుకుంటుంటే మౌలాబీ, చేతిలో పని ఆపకుండానే, వదినా, ఇవాళ కూడా చచ్చిపోవాలనిపించిందా అని అడిగేసింది, చుట్టూ ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి, నస్రత్ చెవులు వేడెక్కాయి, ఇంత సిగ్గులేకుండా ఎవరడుగుతారు, లేదని చెప్పబోయి, పొద్దున అనిపించింది అంది, తన గొంతేనా, పిల్లకి పాలిస్తుంటే అనిపించింది, ఇప్పుడు కాస్త తక్కువే, మౌలాబీ గుండెలు బాదుకోలేదు, పాపమనీ అనలేదు, సరే, రేపు బస్సుకి పోయి ఈ మాట డాక్టరమ్మకి చెబుదాం, ఈలోగా ఎక్కువైతే నన్ను లేపు, ఏ వేళైనా సరే, ముందీ మజ్జిగ తాగు, ముఖం చూడు ఎట్టా ఎండిపోయిందో అంది, అదిగో మళ్లీ వంక, నస్రత్‌కు నవ్వు రాబోయింది, రాలేదు, కానీ రాబోయింది.

ఆడవాళ్లు మళ్లీ కబుర్లలో పడ్డారు, ఆకాశమేమీ విరిగి మీద పడలేదు, ఇన్నాళ్లూ గుండె మీద ఉన్నది ఆ ఆలోచన ఒక్కటే కాదు, దాన్ని ఎవరికీ చెప్పకూడదన్న బరువు కూడా, ఆ బరువు దిగింది, ఆలోచన మళ్లీ రావచ్చు, రేపే రావచ్చు, వస్తే మౌలాబీకి చెప్పవచ్చు.