కొయ్య దేవదూత కన్నీరు

మా అత్తగారు పాత చర్చిలో వచ్చినవాళ్లకి బొమ్మలు చూపించి కథలు చెబుతారు. నేను అదే చర్చిలో ఆ బొమ్మలకు పట్టిన మసి వదిలిస్తాను. ఇంట్లో ఎలాగూ ఒకే వంటగది కాబట్టి, ఇక్కడైనా ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టకుండా నెట్టుకొస్తున్నాం.

ఆవిడ కథలన్నిటికీ తలమానికం బలిపీఠం పక్కనున్న కొయ్య దేవదూత. నెత్తిన కొవ్వొత్తి దిమ్మె మోస్తూ నిలబడి ఉంటాడు. ఎడమ చెంప మీద ఒక కన్నీటి బొట్టు. మూడు వందల ఏళ్ల కిందట ఆ బొమ్మ చెక్కినాయనకి బిడ్డ పోయిందనీ, ఆ దుఃఖమే అక్కడ బొట్టై నిలిచిందనీ అత్తగారు చెబుతుంటే వినేవాళ్లు ముక్కులు చీదుకునేవారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో పోయింది ఒక్క బిడ్డే. ఈ మధ్య కవలలయ్యారు.

ఒకరోజు దేవదూత వంతు వచ్చింది. వేడినీళ్లలో ముంచిన చెంచా వెనకవైపును బొట్టుకి ఆనించాను. మెత్తబడింది. మైనం! పైనున్న కొవ్వొత్తి ఎప్పుడో కారి గడ్డకట్టింది.

నిజం చెప్పొద్దూ, నాకు లోలోపల భలే సంబరమేసింది. ఇరవై ఏళ్లుగా నా వంటలో ఉప్పు తక్కువనే మనిషి మరి.

"అత్తయ్యా, మీ కన్నీరు కరుగుతోంది," అన్నాను.

ఆవిడ వచ్చి కళ్లజోడు సవరించుకుని చూశారు. ముఖం పాలిపోయింది. "ముప్పై ఏళ్లుగా అబద్ధం చెప్పానని అందరూ నవ్వరూ? ఇంక నేను ఇంట్లోనే కూర్చుంటాలే."

ఈ చర్చి లేకపోతే ఆవిడకి రోజు గడవదు. నా సంబరానికి నాకే సిగ్గేసింది.

"పోనీ, వదిలేయనా? ఎవరికీ తెలీదు."

ఆవిడ బొట్టుని వేలితో ఒకసారి తడిమి, "వద్దు, తీసెయ్," అని వెళ్లిపోయారు.

మైనం ఊడింది. దాని కింద మసి అంటని లేత గులాబీ రంగు చెంప. మసి కింద ఈ బొమ్మ అసలు రంగేదో తెలియకే, దీని వంతు రాకముందు నెలరోజులు తల పట్టుకున్నాను. ఆ బొట్టంత చోటే ఆనవాలుగా పెట్టుకుని వారంలో ముఖమంతా శుభ్రం చేశాను. పెదాల మూలల్లో మసి పోయేసరికి, దేవదూత పళ్లు కనబడేలా నవ్వుతున్నాడు!

ఆ వారమంతా అత్తగారు చర్చి గడప తొక్కలేదు. ఎనిమిదో రోజు వచ్చారు. పదిమంది చుట్టూ చేరారు. నిచ్చెన మీద నేను పని ఆపి చెవి ఒగ్గాను.

"ఈయన ఎప్పుడూ నవ్వుతూనే ఉన్నాడండీ. ముప్పై ఏళ్లు ఏడిపించింది నేనే," అన్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ ఆగలేదు. "మైనాన్ని పట్టుకుని కన్నీరన్నాను. కనిపెట్టింది అదిగో, మా కోడలు. దాని చేతిలో పనితనం ఉంది."

ఇరవై ఏళ్లలో మొదటిసారి ఆవిడ నోట అలాంటి మెచ్చుకోలు విన్నాను. నా కళ్లు చెమర్చాయి, చెంప తడిసింది.

అత్తగారు వెంటనే నావైపు వేలు చూపించారు.

"అది మాత్రం మైనం కాదండీ."