పదిహేడో నంబరు

మా టేపుల గదికి కిటికీ లేదు. కిటికీ ఉంటే ఎండ, ఎండ తగిలితే టేపులకు చేటు. నాకు చేటైతే ఫరవాలేదన్నమాట! పన్నెండేళ్ళుగా ఇక్కడ, పరిశోధకులు ఊరూరా తిరిగి పాటలు ఎక్కించుకొచ్చిన పాత టేపుల బూజు తుడిచి, మెషీను మీద తిప్పి, కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాను. ఎవరు ఏది వినాలన్నా ముందు తమ నంబరు కొట్టాలి. తేదీ, సమయం కంప్యూటరే రాసుకుంటుంది. నా నంబరు పదిహేడు.

ఆ టేపుల్లో ఒకటి మా అమ్మది.

మాది కొండ మీది జనం. మాలో ప్రతి ఆడమనిషీ బతుకులో ఒక్క పాట కడుతుంది. ఆమె పోయాక అయినవాళ్ళంతా ఒకచోట కూర్చుని ఆ పాట పాడుకోవాలి. ఒక్కరే పాడకూడదు, ఒక్కరే వినకూడదు. వింటే పోయిన మనిషి కూడా ఒంటరిదైపోతుందంటారు. నాకు ఆరేళ్ళప్పుడు ఎవరో పరిశోధకుడు వచ్చి, అమ్మ చేత పాడించుకుని, టేపు పట్టుకుపోయాడు. దాన్ని ఏం చేస్తాడో చెప్పనూ లేదు, పెద్దల్ని అడగనూ లేదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ పోయింది. నన్ను హాస్టల్లో వేశారు.

ఏడేళ్ళ కిందట ఆ టేపు నా బల్ల మీదికి వచ్చింది. ఒక్కసారి విందామనుకున్నాను. నా మొహం, ఒక్కసారితో ఆగానా! రోజూ అందరూ భోజనానికి వెళ్ళాక తలుపేసుకుని వినేదాన్ని. పాట మధ్యలో అమ్మ ఆగి, "ఉండవే, వస్తున్నా" అంటుంది. ఆ ఇంట్లో అప్పుడు అమ్మ అలా పిలవడానికి ఉన్నది నేనొక్కదాన్నే. నా అద్దె గదిలో పలకరించే దిక్కు లేదు. రోజు మొత్తానికి నాతో ఎవరైనా ప్రేమగా మాట్లాడారంటే అదే.

ఈ ఏడు మా ఆఫీసు దిగివచ్చింది. మా జనం గురించి సేకరించినదంతా ఎవరి దగ్గర ఉండాలో, ఎవరు వినాలో చెప్పే హక్కు మా పెద్దలదేనని ఒప్పుకుంది. పెద్దల నుంచి ఉత్తరం వచ్చింది. టేపులు ఇచ్చేయండి, కాపీలు చెరిపేయండి, ఇన్నాళ్ళూ ఎవరెవరు విన్నారో జాబితా ఇవ్వండి. న్యాయమే. కానీ అమ్మ గొంతు నాకిక ఉండదు. పైగా నా బండారం బయటపడుతుంది.

"జాబితా పాడైందని రాసేద్దామండీ," అన్నాడు డైరెక్టరు. "ఒక కాపీ కూడా ఉంచుకుందాం. మన దగ్గరైతే భద్రం కదా!"

"ఎవరికి సార్ భద్రం? అడక్కుండా తెచ్చుకున్నారు, అడిగితే దాచుకుంటారా?" అని కసిరాను.

కసిరాక సిగ్గేసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది నా కోపం. ఆ కాపీ ఆలోచన వారం నుంచీ నా మనసులోనూ ఉంది మరి. వెంటనే జాబితా అచ్చు తీశాను, మళ్ళీ మనసు మారకముందే. ముప్పై పేజీలొచ్చింది.

టేపులు తీసుకెళ్ళడానికి మావయ్య వచ్చాడు, అమ్మ తమ్ముడు. నన్ను చూసి పదేళ్ళయింది.

"ఇలా చిక్కిపోయావేమే! తిండి తింటున్నావా, టేపులే మేస్తున్నావా?"

"నువ్వేం మారలేదు మావయ్యా, జుట్టు తప్ప."

"జుట్టుకేమే, మొత్తం పోయింది. తెల్లబడుతుందన్న బెంగ లేదు."

నవ్వుతూనే కళ్ళజోడు పెట్టుకుని జాబితా తీశాడు. ఒక పేజీ తిప్పాడు. ఇంకొకటి తిప్పాడు. నవ్వు ఆగిపోయింది.

"అంతా పదిహేడేనా? ఎవడే వీడు? మా అక్క పాటతో వీడికేం పని?"

"నేనే మావయ్యా."

"వినేటప్పుడు నీతో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

తిడతాడని ఎదురుచూశాను. తిడితే నేనూ నాలుగు అనేసి, గొల్లున ఏడ్చేసేదాన్ని. మావయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అక్క పాట మేమింకా ఎత్తుకోలేదే," అన్నాడు.

"ముప్పయ్యొక్కేళ్ళు! ఎందుకు?"

"అయినవాళ్ళంతా అంటే కూతురు లేకుండానా? చిన్నప్పుడు చదువు చెడుతుందని ఊరుకున్నాం. పెద్దయ్యాక ఎప్పుడు పిలిచినా పనుందన్నావు. ఇప్పుడు పాట పూర్తిగా గుర్తున్నవాళ్ళు కూడా లేరు. పాపం అక్క, అక్కడా ఒక్కతే, ఇక్కడా ఒక్కతే."

రసీదు మావయ్య ముందుకు జరిపాను. సంతకం పెట్టి, టేపుల పెట్టె చంకన పెట్టుకుని గుమ్మం దగ్గర ఆగాడు. "నువ్వొచ్చేదాకా ఇది విప్పం," అని చెప్పి వెళ్ళిపోయాడు.

అందరూ భోజనాలకు వెళ్ళారు. కంప్యూటరులో ఉన్న కాపీ చెరిపేయాలా అని తెర మీద ప్రశ్న. ఆఖరిసారి వినొచ్చు, ఎవరు చూశారు? హెడ్‌ఫోన్లు చెవుల దాకా తీసుకెళ్ళి దింపేశాను. అవును అని నొక్కాను. ఆ గదిలో ఫ్యాను అంత చప్పుడు చేస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

చాలాసేపు ఏడ్చాక సెలవు చీటీ తీసుకున్నాను. కారణం అన్నచోట "అమ్మ దగ్గర కూర్చోవాలి" అని రాశాను. మా అమ్మ లేదని డైరెక్టరుకు తెలుసు. అడిగితే అడగనీ.