గుండీలు కోసిన గౌను

పాతబట్టలు ఎవరికైనా ఇచ్చేముందు గుండీలు కోసి దాచుకోవడం మా అమ్మ నాకిచ్చిన ఆస్తి. డిగ్రీ చదివినా ఆ విద్య పోలేదు. మా ఇంట్లో బిస్కెట్ల డబ్బా నిండా గుండీలు, హుక్కులు, రెండు జిప్పులు. గుడ్డ ఎలాగూ ఇచ్చేస్తున్నాం, గుండీ కూడా దండగ చేసుకోవడం ఎందుకని నా వాదన. నాతో ఎవరూ వాదించలేదు కూడా.

మా ఆడపడుచు పళ్ళ డాక్టరు. అమ్మానాన్నల దగ్గర ఉండే వీలు లేని పిల్లల్ని కొన్నాళ్ళు పెంచడానికి కుటుంబాలు ముందుకొస్తాయి. అలా ఎవరో వచ్చేదాకా పిల్లలుండే ఇల్లొకటి ఉంది. అక్కడ ఆవిడ ఊరికే పళ్ళు చూసిపెడుతుంది.

"వదినా, బుధవారం మధ్యాహ్నాలు నీకేం పని?" అంది ఓసారి.

"నిద్ర."

"అది పనా?"

"మీ అన్నయ్య ఆదివారాలు చేసేదీ అదే. అప్పుడు దాన్ని విశ్రాంతి అంటారు."

అయినా లాక్కెళ్ళింది. నాకు మూటల గది అప్పగించారు. జనం పంపిన పాతబట్టలు విప్పి, సైజుల వారీగా అరల్లో సర్దాలి. సాయం చేస్తానంటూ తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి వచ్చి పక్కన కూర్చుంది. ప్రతిదానికీ తీర్పు చెబుతుందని అక్కడ అందరూ ఆ పిల్లని జడ్జిగారంటారు.

మూడో మూటలోంచి జడ్జిగారు నీలం గౌనొకటి బయటికి లాగింది. అది మా అమ్మాయి గౌను. కిందటి నెల నేనే మూటగట్టి పంపాను. వీపు మీద ఆరు గుండీలు ఉండాల్సిన చోట ఆరు దారప్పోగులున్నాయి.

"శనివారం ఇదే వేసుకుంటా," అంది. శనివారం ఆ పిల్లని ఒక కుటుంబం తీసుకెళ్తోంది.

వేసుకుంది. అచ్చు కొలిచి కుట్టించినట్టుంది, వీపు తప్ప. ఒక చెయ్యి వెనక్కి పెట్టి పట్టుకుని నిలబడింది.

"వేరేది చూద్దాంలేమ్మా," అన్నాను, అది నా కళ్ళముందు నుంచి పోతే చాలని.

"వేరేవేవీ పట్టట్లేదు. పోయినసారి గుండీ లేని ప్యాంటుతో వెళ్ళా. ఆ ఇంటావిడ రా నాన్నా అని రెండు చేతులూ చాపింది. నడుం దగ్గర చెయ్యి తీస్తే ప్యాంటు జారిపోతుంది కదా, అందుకని నేను వెళ్ళలేదు. ఈ పిల్ల మనుషుల్ని దగ్గరికి రానివ్వదని ఫైల్లో రాశారు. పది రోజులకి వెనక్కి పంపేశారు."

"ప్యాంటు సంగతి చెప్పకపోయావా?"

"కొత్తవాళ్ళకి అలాంటివి ఎలా చెప్తాం ఆంటీ?"

నిజమే. ఆ ప్యాంటు ఏ రంగని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

గౌను విప్పి దారప్పోగుల్ని వేలితో తడిమింది. "ఇవి ఊడిపోలేదు. కత్తెరతో కోశారు. అన్నీ ఒకే పొడవు."

"అలాగా," అన్నాను.

"పాపం, వాళ్ళకి గుండీలు లేవేమో."

నాలుగు తిట్టినా బాగుండేది. కుట్టుకొస్తానని గౌను తీసుకుని బయటపడ్డాను.

కొత్తవి కుట్టేస్తే ఎవరికీ తెలియదు కదా అనుకున్నాను. కొన్నాను కూడా. కాజాలకి అవి చిన్నవై పెట్టినవి పెట్టినట్టే జారిపోయాయి. ఇక అసలువే గతి. అవి డబ్బాలో లేవు. మా ఆయన తలగడ గలీబుకి ఉన్నాయి. ఆఫీసు నుంచి వచ్చి అప్పుడే నడుం వాల్చిన మనిషి తల కింద నుంచి దాన్ని లాగాను.

"ఇప్పుడు నా తలగడ ఏం తప్పు చేసింది?"

"తలగడ కాదు, తప్పు నాది."

పెళ్ళయ్యాక ఆ మాట వినడం అదే మొదలు. ఆయన లేచి కూర్చున్నారు.

శుక్రవారం గౌను తీసుకెళ్ళాను. జడ్జిగారు వెలుతురులోకి పట్టుకెళ్ళి మరీ చూసింది.

"ఇవి దీని గుండీలే."

"ఎలా చెప్పగలవు?"

"గుండీ ఉన్నచోట రంగు వెలిసిపోలేదు. గుండ్రంగా ముదురు నీలం ఉంది. ఇవి సరిగ్గా వాటి మీద కూర్చున్నాయి. ఎక్కడ దొరికాయి?"

మా ఆడపడుచు పక్కనే ఉంది. నాలిక చివర అబద్ధం సిద్ధంగా ఉంది, మంచి నాణ్యమైన అబద్ధం. మింగేశాను.

"నా దగ్గరే. కోసింది నేనే."

"వదినా!" అంది మా ఆడపడుచు, పండగొచ్చినంత సంబరంగా.

"ఎందుకు కోశారు?" అంది జడ్జిగారు.

"మా అమ్మ అలాగే చేసేది."

"మీ అమ్మని ఎవరూ అడగలేదా?"

"బట్టలు తీసుకున్నవాళ్ళు మళ్ళీ ఎదురుపడితే కదా అడగడానికి."

గౌను మడిచి చంకలో పెట్టుకుంది. "అయితే ఆ మూటల్లో గుండీలు లేనివన్నీ మీరే కుట్టాలి."

"అన్నీనా? ఎన్నాళ్ళు?"

"అయ్యేదాకా."

శనివారం నాకక్కడ పని లేదు. అయినా వెళ్ళి మూటల గది కిటికీ దగ్గర నిలబడ్డాను. వచ్చినావిడ బస్సు డ్రైవరు, యూనిఫాంలోనే ఉంది. గేటు దగ్గరే మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాపింది. జడ్జిగారు నాలుగడుగులు వేసి ఆగిపోయింది. చెయ్యి వెనక్కి పోయింది. అందినంత మేర ఒక్కో గుండీనీ తడిమి చూసుకుంది. తర్వాత ఆ చెయ్యి కూడా ముందుకు తెచ్చి, రెండూ చాపుకుని వెళ్ళింది. పరిగెత్తలేదు. జడ్జిలు పరిగెత్తరు.

ఆ ఇంటి నుంచి జడ్జిగారు వెనక్కి రాలేదు.

మూటలు మాత్రం అవలేదు. పంతొమ్మిదేళ్ళుగా బుధవారం బుధవారం కుడుతూనే ఉన్నాను. డబ్బా అడుగంటినప్పుడల్లా కొని నింపుతున్నాను, ఇప్పుడు గుండీలతో పాటు బట్టలు కూడా కొంటున్నాను. మా అమ్మాయి మొదటి జీతంతో నాకేదో తెస్తుందని గుమ్మం దగ్గర ఎదురుచూస్తే, ఆ పిల్లలుండే ఇంటికి కుట్టుమిషను కొనిచ్చి వచ్చింది. గౌను తనది కాబట్టి తీర్పులో తనకీ వాటా ఉందట.

మా ఆయన గలీబుకి ఇంకా గుండీలు పడలేదు. తలగడ రోజూ సగం బయటికొచ్చి నిద్రపోతోంది. అడిగినప్పుడల్లా, వరసలో ఉన్నారు, ఆగండి అంటాను.