స్టూలు లేని ఇల్లు

మా ఇల్లు మూడో అంతస్తులో ఉండేది. లిఫ్టు లేదు. మా అక్కకి మోకాళ్ళు ఉన్నాయి గాని, అవి ఆమె మాట వినడం మానేసి చాలా కాలమైంది. ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తే తప్ప వీధి మొహం చూసేది కాదు. వెళ్ళినప్పుడు కూడా దిగేటప్పుడు నన్నూ, ఎక్కేటప్పుడు ఆ మెట్లు కట్టిన మేస్త్రీనీ తిట్టేది. మధ్యలో ఊపిరి కోసం ఆగినప్పుడు మాత్రం ఎవరినీ ఏమీ అనేది కాదు. నాకు అప్పుడే భయం వేసేది.

రెండు వీధుల అవతల కింది వాటా ఒకటి అమ్మకానికి వచ్చింది. గుమ్మం దాటితే గేటు, గేటు తీస్తే రోడ్డు. నెలాఖరు దాకా ఇంకెవరికీ ఇవ్వనని ఆ ఇంటాయన మాటిచ్చాడు. ఈలోగా మాది అమ్ముడుపోవాలి. పోకపోతే అక్క కిటికీ దగ్గర కూర్చుని, దారిన పోయేవాళ్ళ నడినెత్తులు చూస్తూ ఉండిపోవాలి.

ఏజెంటు వచ్చి ఇల్లంతా తిరిగాడు. బాగుందన్నాడు. బాగున్నట్టు కనబడటం లేదని కూడా అన్నాడు. ఆ రెండో సంగతి సరిచేయడానికి ఒకావిడ ఉందని చెప్పి, మర్నాడు పంపించాడు.

అమ్మకానికి పెట్టిన ఇళ్ళని ముస్తాబు చేయడం ఆవిడ పని. గుమ్మంలో అడుగు పెట్టగానే మా అక్క ఆవిడకి సింగారమ్మ అని పేరు పెట్టి, ఎదురుగానే పిలిచింది. ఆవిడ నవ్వి, బాగుందాంటీ, బోర్డు మీద రాయించుకుంటానంది. అక్కకి ఆవిడ మీద ఉన్న కోపం అక్కడితో పోయింది. కొత్త కోపాలకి కారణాలు అప్పటికి ఇంకా వ్యానులోనే ఉన్నాయి.

సింగారమ్మ ముందు మమ్మల్ని తీసేసింది. గోడల మీది ఫొటోలు, క్యాలెండరు, అక్క మందుల డబ్బా, నా సుద్దముక్కల సంచి, మేం కూర్చునే కుర్చీలు, పడుకునే మంచాలు, అన్నీ మేడ మీది సామాన్ల గదిలోకి వెళ్ళిపోయాయి. ఎందుకని అడిగితే నిదానంగా వివరించింది.

“కొనేవాళ్ళు ఇల్లు చూడరు సార్. ఆ ఇంట్లో వాళ్ళని వాళ్ళు చూసుకుంటారు. మధ్యలో మీరు కనబడ్డారనుకోండి, వాళ్ళకి చోటుండదు.”

తర్వాత వ్యానులోంచి ఆవిడ సామాను దిగింది. నా కళ్ళజోడు మారిపోయిందేమో అనుకున్నాను. సోఫా సోఫాలాగే ఉంది, కాని ముప్పావు వంతే ఉంది. బల్లా అంతే, కుర్చీలూ అంతే. గది పెద్దగా కనబడాలంటే సామాను చిన్నది కావాలట. లెక్కలు చెప్పేవాణ్ణి గనక, ఈ నిష్పత్తి నాకు వెంటనే అర్థమైంది. కూర్చున్నాక నా మోకాళ్ళు గడ్డం దాకా వచ్చినప్పుడు ఇంకా బాగా అర్థమైంది. మంచం మంచమే కాదు. ఖాళీ అట్టపెట్టెలు పేర్చి, పైన గాలి పరుపు వేసి, దాని మీద మెరిసే దుప్పటి కప్పింది. దాన్ని చూడాలే గాని పడుకోకూడదు. రాత్రిళ్ళు అక్కకి మడతమంచం, నాకు చాప. పొద్దున్నే రెండూ పరదా వెనక్కి పోవాలి.

వంటింట్లో గాజు గిన్నె నిండా నిమ్మకాయలు పెట్టింది. అక్క ఒకటి తీసి కోయబోయింది. కత్తి జారి బల్లకి గాటు పడింది గాని, కాయకి ఏమీ కాలేదు. అలమరలో నా పుస్తకాల చోటికి ఆవిడ పుస్తకాలు వచ్చాయి. అన్నీ ఒకే రంగు, ఒకే ఎత్తు. ఒకటి లాగి చూస్తే లోపల కాగితమే లేదు, పుస్తకం ఆకారంలో ఉన్న అట్టపెట్టె. మా బడికి తనిఖీకి వచ్చే పెద్దలు కొందరు గుర్తొచ్చారు. ఇల్లంతా మంచి వాసన రావాలని పొయ్యి మీద దాల్చినచెక్క నీళ్ళు మరిగించమంది. మరిగాక అందులో ఏం వేయాలని అక్క అడిగింది. ఏమీ వేయక్కర్లేదు, పారబోయడమేనంది. ఎసరు పెట్టి పారబోసుకునే సంసారం ఎక్కడా చూడలేదని అక్క ఆ రోజంతా అంటూనే ఉంది.

ఇల్లు చూడటానికి జనం వచ్చేటప్పుడు ఇంటివాళ్ళు బయట ఉండాలన్నది నియమం. తలుపు తీయడానికి నేనుండొచ్చు. అక్క ఉండకూడదు, కాని దిగలేదు. సింగారమ్మ కాసేపు ఆలోచించి ఆమెని కూడా ముస్తాబులో కలిపేసింది. కిటికీ పక్కన కుర్చీ, ఒళ్ళో శాలువా, చేతిలో ఒక అట్టపెట్టె పుస్తకం. చూడగానే మనసుకి ప్రశాంతంగా ఉండాలట. షరతు ఒక్కటే, మాట్లాడకూడదు.

“అంటే నన్నూ ఆ నిమ్మకాయల్లో కలిపేశావన్నమాట,” అంది అక్క.

అంతా అయ్యాక సింగారమ్మ హాల్లో గుమ్మం పక్కనున్న అద్దం ముందు ఆగింది. అందులో ఆవిడ మెడ నుంచి నడుం దాకా కనబడుతోంది.

“ఇదెవరికి సార్, కుక్కపిల్లకా?”

అక్క కిటికీ వైపు తిరిగింది. సింగారమ్మకి తెలియదు. తెలియకుండా అన్న మాటకి కోపం తెచ్చుకోకూడదని పిల్లలకి చెబుతుంటాను.

మా ఆవిడ పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. ఆమె పొట్టి మనిషి. నా భుజానికి కాస్త కిందికి వచ్చేది. మేం ఆ ఇంట్లో దిగిన కొత్తలో వడ్రంగి ఆమెని చూసి, ఒక మంచి స్టూలు చేసిస్తానమ్మా అన్నాడు. “నేను స్టూలెక్కను. ఇల్లే దిగిరావాలి,” అంది. దిగివచ్చింది. వంటింటి అరలు, బట్టలు తగిలించే కొక్కేలు, లైటు స్విచ్చులు, తలుపు గడియ, చివరికి బయట ఎవరొచ్చారో చూసే కన్నం కూడా ఆమె ఎత్తుకి దిగాయి. అద్దం కూడా. అందులో నాకు చొక్కా రెండో గుండీ నుంచి బెల్టు దాకా కనిపించేది. తల దువ్వుకోవాలంటే వంగాలి. వంగినప్పుడల్లా పక్కనే ఆమె మొహం ఉండేది. వంగడం నాకు కష్టమని ఎప్పుడూ అనిపించలేదు.

ఇదంతా సింగారమ్మకి చెప్పలేదు. అద్దం కదిపితే గోడ పాడవుతుందన్నాను. గుమ్మంలో అద్దం కన్నా ముఖ్యమైనది లేదనీ, మనిషి ఆ ఇంటి యజమానిగా తన మొహం మొదట చూసుకునేది అక్కడేననీ ఆవిడ వాదించింది. గోడ పాడవుతుందని మళ్ళీ అన్నాను. వదిలేసింది.

మొదట ఒక వాలీబాల్ కోచ్, ఆయన భార్య వచ్చారు. ఇద్దరూ తాటిచెట్లంత ఉన్నారు. ఆయన గుమ్మంలో అద్దం చూశాడు. అందులో పొట్ట తప్ప ఏమీ కనబడలేదు. వెంటనే లోపలికి లాక్కున్నాడు. ఇల్లంతా చూస్తున్నంతసేపూ అలా బిగబట్టుకునే తిరిగాడు. పడగ్గదిలోకి వచ్చేసరికి పాపం ఊపిరి అందక మంచం మీద కూర్చున్నాడు. అట్టపెట్టెలు కూలిపోయాయి, గాలి పరుపు రెండు వైపులా లేచి ఆయన్ని చుట్టేసింది. చప్పుడు విని అక్క షరతు మరిచిపోయింది.

“బాబూ, అది చూసే మంచం,” అని హాల్లోంచి కేకేసింది.

నేనూ ఆయన భార్యా చెరో చెయ్యీ పట్టి లాగాం. వాళ్ళకి ఇల్లు నచ్చలేదని ఏజెంటు సాయంత్రం చెప్పాడు. కారణం మంచం కాదట. ఆ ఇంట్లో ఉన్నంతసేపూ తనకి తలకాయ లేనట్టు అనిపించిందని అన్నాడట.

ఆ తర్వాత వచ్చినవాళ్ళదీ ఇదే వరస. గుమ్మంలో అద్దం చూడటం, పొట్ట సర్దుకోవడం, స్విచ్చు కోసం గోడంతా తడిమి చివరికి తుంటి దగ్గర దాన్ని కనుక్కోవడం, మళ్ళీ చెబుతామని వెళ్ళిపోవడం. ఒకాయన మాత్రం అక్క ప్రశాంతతకి ముగ్ధుడై పక్కన కూర్చుని, ఏం చదువుతున్నారమ్మా అని అడిగాడు. అక్క తన చేతిలోని పెట్టెని ఆయనకేసి తిప్పి చూపించింది. ఆయన లేచి మెట్లు దిగిపోయాడు.

నెలాఖరు దగ్గరపడింది. అక్క ఆ కింది వాటా గురించి మాట్లాడటం మానేసింది. మేస్త్రీని తిట్టడం కూడా మానేసింది. ఒకరోజు బడికి వెళ్ళబోతూ ఫోనుచేసి, అద్దం పైకి పెట్టేయమని సింగారమ్మకి నేనే చెప్పాను. గోడ సంగతి ఆవిడ అడగలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి అలవాటు చొప్పున దువ్వెన తీసి వంగాను. అద్దం అక్కడ లేదు, పైనుంది. దాని చోట ఒకదాని మీద ఒకటి నిలబెట్టిన గులకరాళ్ళ బొమ్మ ఉంది. అద్దం తీసిన చోట గోడ తెల్లగా కనబడుతోందని, సింగారమ్మ ఆ పాత మేకుకే బొమ్మ తగిలించింది. కాసేపు రాళ్ళకేసి చూసి, తల దువ్వుకుని, లోపలికి వచ్చాను. అక్క చూసింది.

ఆఖరి ఆదివారం ఒక లైబ్రేరియన్, ఆవిడ భర్త వచ్చారు. ఆవిడ చిన్నగా, చురుగ్గా ఉంది. ఆయన ఆవిడకన్నా ఒక వేలెడు ఎత్తు ఉంటాడేమో. వస్తూనే ఆవిడ చెయ్యి పుస్తకాల అలమర మీదికి పోయింది. ఒకటి లాగింది. ఊపి చూసింది. లోపలికి తొంగి చూసి, ఎవరైనా చదివేశారేమో అన్నట్టు మళ్ళీ యథాస్థానంలో పెట్టింది. అక్క శాలువాలో మొహం దాచుకుంది.

ఆయన సోఫాలో కూర్చున్నాడు. కూర్చుని తన పాదాలకేసి చూసుకున్నాడు. సోఫాలో కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనడం తన జీవితంలో ఇదే మొదటిసారని చాలా నెమ్మదిగా చెప్పాడు. సింగారమ్మ నన్ను పక్కకి లాగింది. మొహం పాలిపోయి ఉంది. వీళ్ళు కూర్చుంటే సామాను మామూలు సైజులో కనబడుతోంది, గదులు చిన్నవని తెలిసిపోతుంది, కొంప మునిగింది సార్ అంది.

వంటింట్లో చప్పుడు లేదు. వెళ్ళి చూశాను. లైబ్రేరియన్ చెయ్యెత్తి పై అరలోంచి ఒక డబ్బా తీసింది, పెట్టింది. మళ్ళీ తీసింది. లైటు వేసి ఆర్పింది. కొక్కేనికి తన చేతిసంచి తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి చూసింది.

“మీ ఇంట్లో స్టూలు లేదా మాస్టారూ?”

లేదన్నాను. ఎప్పుడూ లేదన్నాను.

లైబ్రరీలో రోజంతా స్టూలెక్కి దిగడమే తన ఉద్యోగమనీ, ఇంటికెళ్ళాక మళ్ళీ స్టూలేననీ ఆవిడ చెప్పింది. మూడంతస్తుల మెట్లు ఇబ్బంది కాదా అని సింగారమ్మ కంగారులో తనే అడిగేసింది. స్టూలు కన్నా మెట్లే నయమంది ఆవిడ, పట్టుకోవడానికి కమ్మీ అయినా ఉంటుందట.

వెళ్ళబోతూ గుమ్మంలో జుట్టు సర్దుకోవడానికి అద్దం ముందు నిలబడింది. అందులో ఫ్యానూ, తన పాపిడీ కనబడ్డాయి. మునివేళ్ళ మీద లేచింది. నుదురు వచ్చింది. మడమలు దించేసరికి మొహంలో అప్పటిదాకా ఉన్న వెలుగు కొంచెం తగ్గింది.

“ఇల్లంతా నాకోసమే కట్టినట్టుంది. ఇక్కడికొచ్చేసరికి మళ్ళీ అందరిళ్ళలాగే అయిపోయింది,” అంది. తర్వాత తన మొహానికి ఎదురుగా ఉన్న బొమ్మ చూపించింది. “ఈ రాళ్ళున్న చోట కదండీ అద్దం ఉండాలి?”

కిటికీ దగ్గర్నుంచి అక్క పుస్తకం మూసింది.

“అక్కడే ఉండేదమ్మా. మా మరదలు పెట్టించుకుంది. నా మోకాళ్ళ కోసం వీడు పైకెక్కించాడు. ఒరేయ్, దించరా దాన్ని.”

గులకరాళ్ళు తీసి సింగారమ్మ చేతిలో పెట్టాను. పైనున్న అద్దం పట్టుకున్నాను. “సార్, గోడ పాడవుతుంది,” అంది ఆవిడ. వాదించే ఓపిక లేక, నా మాటే నాకు అప్పజెప్పింది. అద్దం పాత మేకుకి తగిలించాను. తెల్లటి చోటులో అంచు తేడా లేకుండా సరిపోయింది.

లైబ్రేరియన్ తన మొహం చూసుకుంది. పాపిడి నుంచి గడ్డం దాకా, మొత్తం. ఆవిడ వెనక నేను కూడా ఉన్నాను, రెండో గుండీ నుంచి బెల్టు దాకా.

“ఈ అద్దం మీరు తీసుకెళ్ళిపోతారా?” అని అడిగింది.

ఆ అద్దం ఈ మేకుదేనన్నాను.

ఆ సాయంత్రమే బేరం కుదిరింది. లైబ్రేరియన్ భర్త సోఫా కూడా కావాలని పట్టుబట్టాడు. సింగారమ్మ తన వ్యాపారంలో అమ్ముకోకూడని వస్తువు అదొక్కటేనని బతిమాలి, చివరికి ఇచ్చుకుంది. నిమ్మకాయల్లో ఒకటి తక్కువ వచ్చింది. దాని సంగతి అక్కకి తెలుసు.

ఇప్పుడు కింది వాటాలో ఉంటున్నాం. అక్క పొద్దున్నే గేటు దాకా నడిచి, అక్కడ నిలబడి, దారిన పోయేవాళ్ళ మొహాలు చూస్తుంది. ఇన్నాళ్ళూ నెత్తులే తెలిసినవాళ్ళని ఇప్పుడు మొహాలతో కలిపి గుర్తుపడుతోంది. బట్టతలాయనకి అంత కోపిష్టి మొహం ఉంటుందని అనుకోలేదట.

కొత్త అద్దం నా ఎత్తుకే పెట్టించాను. అక్క ఆ విషయంలో గట్టిగా నిలబడింది. అయినా దువ్వెన పట్టుకుంటే నడుం దానంతటదే వంగుతుంది. వంగితే ఈ అద్దంలో నా నడినెత్తి మాత్రం కనబడుతుంది. అక్కడ జుట్టు ఎంత పల్చబడిందో ఇన్నేళ్ళూ నాకు తెలియదు.

నిన్న గేటు దగ్గర్నుంచి వస్తూ అక్క చూసింది.

“రోజూ అద్దానికి దణ్ణం పెడతావేంట్రా?”

తల దువ్వుకుంటున్నానన్నాను.

“సరే, దువ్వుకో,” అని, ఒక అడుగు వేసి ఆగింది. “పక్కకి కొంచెం చోటు వదిలి నిలబడతావు చూడు, అది కూడా మానకు.”